కౌమార వైద్యంలో గోప్యత – తల్లిదండ్రుల పాత్ర

బిడ్డ పుట్టిన నాటినుంచి పది పన్నెండేళ్ళ వయసు వరకు డాక్టరు దగ్గర ఆ బిడ్డ తరఫున మాట్లాడేది తల్లిదండ్రులే. జ్వరం ఎప్పుడు వచ్చింది, ఏమి తిన్నాడు, రాత్రి నిద్ర పట్టిందా లేదా – అన్నిటికీ అమ్మే జవాబు చెబుతుంది. ఆ తరువాత ఒక సంవత్సరం, ఏటా చేయించే ఆరోగ్యపరీక్షకు వెళ్ళినప్పుడు, తల్లిదండ్రులను కాసేపు బయట కూర్చోమని డాక్టరు మర్యాదగా కోరుతారు. ఈ దేశంలో పుట్టి పెరిగినవారికి ఇది వింత కాదు. గుంటూరులోనో వరంగల్లులోనో పెరిగి వచ్చిన మనకు మాత్రం ఆ మాట మనసులో కలుక్కుమంటుంది. మన ఊళ్ళలో డాక్టరు గదిలోకి రోగితోపాటు అమ్మ, నాన్న, ఒక్కొక్కప్పుడు మేనమామ కూడా వెళ్ళడం మామూలే. "నాకు తెలియకుండా నా బిడ్డతో మాట్లాడవలసిన సంగతి ఏముంటుంది?" అన్న ప్రశ్న అందుచేత సహజమైనది, న్యాయమైనది కూడా.

ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చే సమాధానమేమిటి, మనం నివసించే అరిజోనా రాష్ట్ర చట్టం ఏమంటుంది, మన ఇళ్ళలో మనం చేయదగినదేమిటి అన్న మూడు విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. చట్టాన్ని గురించి ఇక్కడ చెప్పేది సాధారణ అవగాహన కోసమే. ప్రత్యేకమైన చిక్కు ఏర్పడినప్పుడు మీ డాక్టరునూ, న్యాయవాదినీ సంప్రదించడం అవసరం.

గోప్యత కొత్త మాట కాదు

రోగి రహస్యాన్ని వైద్యుడు కాపాడాలన్న నియమం పాశ్చాత్యులు మనకు నేర్పినది కాదు. గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు పేరుతో ప్రసిద్ధమైన ప్రమాణంలో ఆ నియమం ఉన్నట్లే, మన చరక సంహితలోనూ ఉంది. విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో, వైద్యవిద్యలో చేరే శిష్యునికి గురువు చేసే ఉపదేశం ఒకటి కనిపిస్తుంది. రోగి ఇంట్లో తాను చూసిన సంగతులను వైద్యుడు బయట చెప్పరాదని అందులో స్పష్టంగా ఉంది.

అదే ఉపదేశంలో మరొక నియమం కూడా ఉంది. భర్త గాని సంరక్షకుడు గాని దగ్గర లేని స్త్రీకి చికిత్స చేయరాదన్నది ఆ రెండవ నియమం. అంటే రహస్యరక్షణ, కుటుంబ పర్యవేక్షణ – ఈ రెండు ధర్మాలూ ఆనాడే ఒకదాని పక్కన ఒకటి నిలిచాయి. ఇంట్లోనివారు చేసిన రహస్యం ఊరికి తెలియరాదన్నంత వరకు ఈ రెంటికీ పేచీ లేదు. రోగి తన ఇంట్లోని వారితోనే చెప్పుకోలేని బాధ ఉన్నప్పుడు ఏమి చేయాలన్నదే ఈనాటి చిక్కు. అటువంటి బాధలు ఎక్కువగా మొదలయ్యే వయసు కౌమారం.

కౌమార వైద్యశాఖ పుట్టుక

పసిపిల్లల వైద్యం, పెద్దల వైద్యం – ఈ రెంటి మధ్య కౌమారదశను ప్రత్యేకంగా పట్టించుకున్నవారు చాలాకాలం లేరు. 1951లో డాక్టర్ జె. రాస్‌వెల్ గాలగర్ బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో కౌమారుల కోసమే ఒక విభాగాన్ని ప్రారంభించారు. అమెరికాలో ఈ వైద్యశాఖకు అదే తొలిమెట్టు. డాక్టరు మాట్లాడవలసింది మొదట రోగితోనేనన్నది ఆయన పద్ధతి. ఆ రోగి పదిహేనేళ్ళ బాలుడైనా సరే, అతని జబ్బును గురించి అతని తల్లిని మాత్రమే అడిగి ఊరుకుంటే సగం కథే తెలుస్తుందని ఆయన అనుభవం. 1968లో ఈ రంగంలోని వైద్యులకు ఒక జాతీయ సంఘం ఏర్పడింది.

ఈ పద్ధతి నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు 1997లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన కొంత సమాధానమిచ్చింది. డాక్టర్ కారల్ ఫోర్డ్, ఆమె సహచరులు కాలిఫోర్నియాలో 562 మంది హైస్కూలు విద్యార్థులను చీట్లు వేసినట్లు మూడు జట్లుగా విడదీశారు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు జరిగే సంభాషణను టేపు మీద వినిపించారు. ఒక జట్టు విన్న టేపులో డాక్టరు ఏ షరతూ లేకుండా రహస్యం కాపాడతానని చెబుతారు. రెండవ జట్టు విన్న టేపులో, ప్రమాదకరమైన పరిస్థితిలో తప్ప, అని షరతు పెడతారు. మూడవ జట్టుకు రహస్యం ప్రసక్తే లేదు.

మానసిక స్థితి, మాదకద్రవ్యాలు, లైంగిక విషయాల వంటి సున్నితమైన సంగతులు చెబుతామన్నవారు, రహస్యం ప్రసక్తి లేని జట్టులో 39 శాతం. హామీ విన్నవారిలో 46.5 శాతం. మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి వస్తామన్నవారు మొదటి సందర్భంలో 53 శాతమైతే రెండవ సందర్భంలో 67 శాతం.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. హామీ ఇచ్చినా సగానికి పైగా పిల్లలు నోరు విప్పడానికి సిద్ధంగా లేరు. కాబట్టి తలుపు మూసినంత మాత్రాన అద్భుతాలు జరగవు. అయినా, నలుగురైదుగురిలో ఒకరు కాకపోయినా, పన్నెండు పదమూడు మందిలో ఒకరు అదనంగా తన బాధ చెప్పుకున్నా అది చిన్న లాభం కాదు. ఆ ఒక్కరు మన బిడ్డే కావచ్చు.

ఆ కొద్ది నిముషాలలో ఏమి జరుగుతుంది?

తల్లిదండ్రులు బయటికి వెళ్ళగానే డాక్టరు ఏవో కానిమాటలు నేర్పుతారన్న అనుమానం కొందరికి ఉంటుంది. నిజానికి అక్కడ జరిగేది ఒక క్రమంలో సాగే ప్రశ్నావళి. 1972లో సియాటిల్‌లో డాక్టర్ హార్వీ బెర్మన్ రూపొందించగా, డాక్టర్ గోల్డెన్‌రింగ్, డాక్టర్ కోహెన్ మెరుగుపరచి 1988లో ప్రచురించిన ఈ పద్ధతికి, ఇంగ్లీషు మొదటి అక్షరాలను కూర్చి, 'హెడ్స్' అని పేరు పెట్టారు. ఇల్లు, చదువు, వ్యాపకాలు, మాదకద్రవ్యాలు, లైంగిక విషయాలు, ఆత్మహత్యాలోచన – ఇదీ దాని వరస.

వరసలోనే ఒక నేర్పు ఉంది. "ఇంట్లో ఎవరెవరు ఉంటారు? నీ గది నీకు వేరుగా ఉందా?" అన్న తేలిక ప్రశ్నలతో మొదలుపెట్టి, మాట కలిసిన తరువాతనే బరువైన ప్రశ్నలకు వెళతారు. ఆత్మహత్యను గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడతారు. అది సరికాదని పరిశోధనలు నిర్ధారించాయి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు; ఉన్న ఆలోచన బయటపడుతుంది, మనసు తేలికపడుతుంది.

12 నుంచి 18 ఏళ్ళ వారందరినీ మానసిక కుంగుబాటు విషయమై పరీక్షించాలని అమెరికా నివారణ వైద్య నిపుణుల సంఘం 2009లోనే సిఫారసు చేసింది. 2022లో ఆ మాటనే మళ్ళీ చెప్పింది. ఇందుకు వాడే ప్రశ్నాపత్రాలలో ఒకటి 'పి.హెచ్.క్యు.-9'. గడిచిన రెండు వారాలలో ఉత్సాహం, నిద్ర, ఆకలి, ఏకాగ్రత ఎలా ఉన్నాయో తొమ్మిది ప్రశ్నలలో అడుగుతుంది. చివరి ప్రశ్న, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గాని తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచన గాని వస్తున్నదా అని. పక్కన కూర్చున్న తల్లి భుజం మీదుగా ఆ కాగితాన్ని చూస్తూ ఉంటే బిడ్డ ఆ గడిలో ఏ గుర్తు పెడుతుందో ఊహించడం కష్టం కాదు.

మరొక విషయం కూడా గమనించాలి. పెద్దవారిలో కుంగుబాటు విచారంగా కనిపిస్తుంది. కౌమారులలో అది చిరాకుగా, కోపంగా కనిపించవచ్చు. తలనొప్పిగా, కడుపునొప్పిగా, పొద్దున లేవలేకపోవడంగా కూడా రావచ్చు. మన ఇళ్ళలో దానికి "పొగరు", "బద్ధకం" అని పేరు పెట్టి ఊరుకునే ప్రమాదం ఉంది. అలాగని ప్రతి అలసటా మనోవ్యాధి కాదు. శాకాహార కుటుంబాల పిల్లలలో బి12 విటమిన్ లోపం, ఆడపిల్లలలో ఇనుము లోపం, థైరాయిడ్ తేడాలు కూడా అలసటగానే కనిపిస్తాయి. వీటిని వేరు చేయడానికి ఇంటి భోజనం, వంశ చరిత్ర డాక్టరుకు తెలియాలి. తాతగారికి మధుమేహం ఏ వయసులో వచ్చింది, పెదనాన్నకు గుండెపోటు ఎప్పుడు వచ్చింది, పిన్నికి ఏ మందు పడలేదు అన్నవి బిడ్డకు తెలియవు. అవి చెప్పవలసింది మనమే. అందుకే మంచి డాక్టరు ఈ పరీక్షను మూడు భాగాలుగా నడుపుతారు. మొదట అందరూ కలిసి, మధ్యలో బిడ్డ ఒంటరిగా, చివర మళ్ళీ అందరూ కలిసి. తల్లిదండ్రుల భాగం తగ్గలేదు. మధ్యలో బిడ్డకు కొంచెం చోటు దొరికింది, అంతే.

చాండ్లర్ నేపథ్యం

పశువైద్యుడైన డాక్టర్ అలెగ్జాండర్ చాండ్లర్ 1912లో స్థాపించిన ఈ వ్యవసాయ గ్రామం, 1980లో ఇంటెల్ కంపెనీ కర్మాగారం తెరిచిన తరువాత వేగంగా మారిపోయింది. ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేరు ఉద్యోగాలతో ఇక్కడికి వచ్చిన కుటుంబాలలో తెలుగువారు తక్కువేమీ కాదు. మంచి బడులు, చదువుకునే పిల్లలు, పోటీ – ఇవే మనలను ఇక్కడికి రప్పించాయి.

అయితే 2017, 2018 సంవత్సరాలలో చాండ్లర్, గిల్బర్ట్, క్వీన్ క్రీక్ ఊళ్ళు కలిసిన ఈస్ట్ వ్యాలీ ప్రాంతం తీవ్రమైన దుఃఖాన్ని చవిచూసింది. హైస్కూలు వయసు పిల్లలు ఒకరి తరువాత ఒకరు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. వారిలో చదువులోను ఆటలలోను ముందున్న పిల్లలు కూడా ఉన్నారు. ఆ కాలంలో ఎందరో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు నడిపిన ఉద్యమాల ఫలితంగా 2019లో మిచ్ వార్నాక్ చట్టం వచ్చింది. ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లలతో పనిచేసే బడి సిబ్బందికి ఆత్మహత్యా నివారణలో శిక్షణ ఇవ్వాలని అది నిర్దేశించింది. 2020లో వచ్చిన జేక్ చట్టం, మానసిక చికిత్సకు బీమా కంపెనీలు శారీరక చికిత్సతో సమానంగా చెల్లించాలన్న నియమాన్ని ఈ రాష్ట్రంలో గట్టిపరచింది. బీమా లేని, చాలని పిల్లలకు బడి ద్వారా సహాయం అందే నిధిని ఏర్పరచింది.

ఇది మనకు సంబంధించని విషయమని అనుకోరాదు. 2019లో అమెరికాలోని ఆసియా, పసిఫిక్ ద్వీప సంతతి యువతలో, అంటే 15 నుంచి 24 ఏళ్ళ వారిలో, మరణకారణాలలో మొదటి స్థానం ఆత్మహత్యదే. 2023లో దేశవ్యాప్తంగా జరిగిన హైస్కూలు విద్యార్థుల సర్వేలో, ఎడతెగని విచారం లేదా నిరాశ అనుభవించామన్నవారు నూటికి 40 మంది. ఆత్మహత్యను గురించి తీవ్రంగా ఆలోచించామన్నవారు 20 మంది. ఇంట్లో అన్నీ సమృద్ధిగా ఉండడం దీనికి కవచం కాదు.

మన సమాజానికి ప్రత్యేకమైన అడ్డంకి ఇంకొకటి ఉంది. పిల్లలను చూసే డాక్టరు ఒక్కొక్కప్పుడు మన కుటుంబ మిత్రుడే అయి ఉంటారు. ఉగాది సంబరాలలో నాన్నతో కలిసి భోజనం చేసే "డాక్టరు అంకుల్"కు తన మనసులోని మాట చెప్పడానికి ఏ పదహారేళ్ళ పిల్ల సాహసిస్తుంది? ఆయన ఎంత నియమపరుడైనా, ఆ మాట శనివారం సాయంత్రానికి నలుగురికీ తెలుస్తుందన్న భయం పిల్లకు పోదు. బిడ్డకు పన్నెండు పదమూడేళ్ళు వచ్చాక, డాక్టరును మార్చుకోవాలనుందా అని ఒకసారి అడిగి చూడడం మంచిది. స్నేహితుడైన డాక్టరు దీనికి నొచ్చుకోరు. కారణం ఆయనకు మనకంటే బాగా తెలుసు.

అరిజోనా చట్టం – గడియ ఎవరి చేతిలో ఉంది?

అమెరికాలో తల్లిదండ్రులకు హక్కులే లేవని మనవారిలో ఒక అపోహ ఉంది. అరిజోనా విషయంలో అది పూర్తిగా తప్పు. ఇక్కడ 18 ఏళ్ళు నిండేవరకు వైద్యానికి సాధారణంగా తల్లి లేదా తండ్రి అంగీకారం కావాలి. 2010లో ఈ రాష్ట్రం తల్లిదండ్రుల హక్కుల చట్టాన్ని చేసింది. బిడ్డ వైద్య విషయాలలో నిర్ణయాధికారం, మరే చట్టమూ నిషేధించనంత వరకు వైద్యరికార్డులను చూసే హక్కు తల్లిదండ్రులవని అది ప్రకటించింది. 2022లో చేసిన సవరణలు ఆ హక్కులను మరింత బిగించాయి. మినహాయింపులు కొన్నే. లైంగిక వ్యాధి సోకిందన్న అనుమానం ఉంటే మైనరు తనంతట తాను పరీక్షకు, చికిత్సకు అంగీకరించవచ్చు. 12 ఏళ్ళు దాటిన బిడ్డ మాదకద్రవ్యాల ప్రభావంలో ఉన్నట్లు డాక్టరు నిర్ధారిస్తే, దానిని అత్యవసర పరిస్థితిగా భావించి చికిత్స చేయవచ్చు. వివాహమైనవారు, చట్టరీత్యా స్వతంత్రులైనవారు, నిలువ నీడలేని మైనర్లు తమ చికిత్సకు తామే అంగీకరించవచ్చు.

పొరుగునే ఉన్న కాలిఫోర్నియాలో పరిస్థితి వేరు. అక్కడ 12 ఏళ్ళు నిండి, తగిన పరిణతి ఉన్న బిడ్డ మానసిక సలహా చికిత్సకు తానే అంగీకరించవచ్చు. అరిజోనాలో అలా కాదు. ఇక్కడ తల్లిదండ్రుల సంతకం కావాలి. ఉద్యోగం మారి శాన్ హోసే నుంచి చాండ్లర్‌కు వచ్చిన కుటుంబంలో, అక్కడ పిల్లకు ఉన్న హక్కు ఇక్కడ ఉండదు. ఇక్కడ బిడ్డ సహాయం పొందాలంటే, ఆ సంగతి తల్లిదండ్రులతో చెప్పగలిగిన పరిస్థితి ఇంట్లో ఉండాలి.

ఇక దేశమంతటికీ వర్తించే చట్టం 'హిపా'. 1996లో చేసిన ఈ చట్టం కింద వచ్చిన గోప్యతా నియమాలు 2003 ఏప్రిల్ నుంచి ఆచరణలోకి వచ్చాయి. హిపా పేరు చెప్పి తల్లిదండ్రులను పూర్తిగా దూరంగా పెడతారనుకోవడం కూడా పొరబాటే. మైనరు బిడ్డకు తల్లిదండ్రులే ప్రతినిధులని ఆ నియమాల మూలసూత్రం. రికార్డులు చూపే విషయంలో రాష్ట్ర చట్టానికే అది పెద్దపీట వేసింది. అయితే అందులో ఒక చిన్న వాక్యం ఉంది, దానిని మనం శ్రద్ధగా గమనించాలి. డాక్టరుకూ బిడ్డకూ మధ్య గోప్యతకు తల్లిదండ్రులు తామే సమ్మతిస్తే, ఆ విషయం వరకు వారు ప్రతినిధులుగా వ్యవహరించనక్కరలేదని ఆ వాక్యం భావం.

దీని తాత్పర్యం ఏమిటి? కొన్ని రాష్ట్రాలలో గోప్యత బిడ్డకు చట్టం ఇచ్చిన హక్కు. అరిజోనాలో అది చాలావరకు తల్లిదండ్రులు ఇచ్చే వరం. గదికి గడియ ఉన్నది మన చేతిలోనే. లోపల ఏమి మాట్లాడావని ఇంటికి వెళ్ళేదారిలో నిలదీసే అధికారం, రికార్డు తెప్పించి చదివే అధికారం మనకు ఉన్నాయి. ఆ అధికారాన్ని ఉపయోగించకుండా ఉండగలగడమే ఇక్కడ తల్లిదండ్రుల వివేకానికి పరీక్ష.

గోప్యతకు హద్దులు

డాక్టరు ఇచ్చే హామీ హద్దులు లేనిది కాదు. బిడ్డ తన ప్రాణానికి హాని చేసుకునే ప్రమాదం ఉన్నా, ఇతరులకు హాని చేసే ప్రమాదం ఉన్నా డాక్టరు మౌనంగా ఉండరు. బిడ్డను ఎవరైనా హింసిస్తున్నారని, లైంగికంగా వేధిస్తున్నారని తెలిస్తే, అధికారులకు తెలియజేయడం అరిజోనా చట్టప్రకారం డాక్టరు విధి. ఈ మాట డాక్టరు మొదటనే బిడ్డతో చెబుతారు. ఫోర్డ్ పరిశోధనలో షరతులేని హామీకే పిల్లలు ఎక్కువ మొగ్గారు. అయినా నిజాయితీగల డాక్టరు అటువంటి హామీ ఇవ్వలేరు. మనం భయపడే పెద్ద ప్రమాదాలు మన దాకా వస్తాయి. రానివి చిన్న తప్పులు, సందేహాలు, సిగ్గుపడే ప్రశ్నలు.

కంప్యూటరు సంగతి వేరు. 2021 ఏప్రిల్ నుంచి, సమాఖ్య నియమాల ప్రకారం, డాక్టరు రాసుకున్న వివరాలు, పరీక్షాఫలితాలు ఆలస్యం లేకుండా రోగికి ఇంటర్నెట్‌లో కనిపించాలి. అది బిడ్డకు మంచిదే. కాని తల్లి ఫోనులో అదే ఖాతా తెరిచి ఉంటే, గదిలో ఇచ్చిన మాట సాయంత్రానికి తెరమీద కనిపించవచ్చు. బిడ్డకు 12, 13 ఏళ్ళు రాగానే చాలా ఆసుపత్రులు తల్లిదండ్రుల ఖాతాకు కొన్ని పరిమితులు పెడతాయి. ఈ నియమాలు ఒకచోట ఉన్నట్లు మరొకచోట ఉండవు. కాబట్టి ముందుగానే డాక్టరు ఆఫీసులో, "మా అమ్మాయి ఒంటరిగా చెప్పినది మా ఖాతాలో కనిపిస్తుందా?" అని అడగండి. బీమా కంపెనీ పంపే చెల్లింపుల వివరణ కాగితం సంగతి కూడా అంతే. అది పాలసీదారు పేరిటే ఇంటికి వస్తుంది.

తల్లిదండ్రుల భయం

"ముక్కూ మొహం తెలియని మగ డాక్టరు దగ్గర ఆడపిల్లను ఒంటరిగా ఎలా వదిలిపెట్టను?" అని ఒక తల్లి అడిగితే, ఆమెను ఛాందసురాలనకూడదు. మిషిగన్ రాష్ట్రంలో లారీ నాసర్ అనే క్రీడావైద్యుడు ఎన్నో ఏళ్ళపాటు బాలికలను లైంగికంగా హింసించి, 2018లో దీర్ఘకాల కారాగారశిక్ష పొందాడు. ఆ విచారణలో వెల్లడైన ఒక సంగతి మనం మరచిపోరాదు. కొన్ని సందర్భాలలో తల్లిదండ్రులు అదే గదిలో ఉండగానే అతడు చూపుకు అడ్డునిలిచి ఆ పని చేశాడు. అంటే మనం గదిలో ఉండడం ఒక్కటే బిడ్డకు రక్షణ కాదు. "ఇది నాకు ఇష్టం లేదు, ఆపండి" అని చెప్పగల ధైర్యం, ఆ తరువాత ఇంటికి వచ్చి చెబితే నమ్ముతారన్న భరోసా అంతకంటె గట్టి రక్షణ.

ఇక్కడ మాట్లాడడం వేరు, ఒళ్ళు పరీక్షించడం వేరు అన్న భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఒంటరిగా జరగవలసినది సంభాషణే. దుస్తులు తొలగించి చేసే సున్నితమైన పరీక్షలకు నర్సు వంటి సాక్షి గదిలో ఉండే ఏర్పాటును అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం ప్రోత్సహిస్తుంది. సాక్షి కావాలని, ఆడ డాక్టరు కావాలని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. తల్లే ఉండాలో, నర్సు ఉండాలో ముందుగా బిడ్డనే అడగాలి.

వయసును బట్టి అలవాటు

ఈ మార్పు ఒక్కరోజులో చేయవలసినది కాదు. సైకిలు నేర్పేటప్పుడు వెనుక పట్టుకున్న చేతిని కొంచెం కొంచెంగా వదిలినట్లు చేయాలి.

పదకొండు, పన్నెండేళ్ళ వయసులో: డాక్టరు అడిగినప్పుడు మొదట బిడ్డను జవాబు చెప్పనివ్వండి. తప్పులుంటే చివర సరిచేయవచ్చు. అయిదు నిముషాలు బయటికి వెళ్ళండి.

పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో: వెళ్ళేముందు ఇంట్లోనే చెప్పండి. "నాన్నా, ఈసారి డాక్టరుగారితో కాసేపు నువ్వు ఒక్కడివే మాట్లాడు. ఏమి మాట్లాడావని నేను అడగను. నీకు చెప్పాలనిపిస్తే ఎప్పుడైనా చెప్పు, కోప్పడను." ఈ నాలుగు మాటలు డాక్టరు ఎదుట మరొకసారి అంటే ఇంకా మంచిది. అదే మనం ఇచ్చే సమ్మతి. ఇచ్చిన తరువాత కారులో ప్రశ్నలు వేయకుండా ఉండడం ఇంకా ముఖ్యం.

పదిహేను, పదహారేళ్ళ వయసులో: తన మందుల పేర్లు, పడని మందులు, బీమా కార్డు వివరాలు బిడ్డకు తెలియాలి. అపాయింట్‌మెంటుకు తానే ఫోను చేయాలి. పదహారేళ్ళు వచ్చిన సంతానాన్ని మిత్రునిలా చూడాలన్న పెద్దలమాట మనకు తెలిసినదే. మిత్రుని ఉత్తరాలు మనం విప్పి చదవము.

ఆటల జట్టులో చేరడానికి ఏటా కావలసిన ఆరోగ్య ధ్రువపత్రం కోసం, పది నిముషాలలో సంతకం పెట్టే చోటికి తీసుకువెళ్ళి, అదే సంవత్సరపు పరీక్ష అనుకోవడం మన ఇళ్ళలో జరుగుతుంటుంది. గుండె, మోకాళ్ళు చూస్తే ఆ పత్రం వస్తుంది. మనసు గురించి అడిగే తీరిక అక్కడ ఉండదు. సొంత డాక్టరు దగ్గరే రెండూ కలిపి చేయించడం మేలు.

ఒకవేళ డాక్టరు పిలిచి, మీ బిడ్డ చనిపోవాలనుకుంటున్నదని చెబితే, "మాకెందుకు చెప్పలేదు?" అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. "చెప్పి మంచిపని చేశావమ్మా" అన్నది మొదటి మాట కావాలి. ఇంట్లోని మందులను తాళం వేసిన చోట పెట్టాలి. 2022 జులై నుంచి దేశమంతటా 988 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. అరిజోనాలో టీన్ లైఫ్‌లైన్ సంస్థ నంబరు 602-248-8336. అక్కడ శిక్షణ పొందిన తోటి వయసు పిల్లలు కూడా మాట్లాడతారు. ఈ రెండు నంబర్లు మన ఫోనులోనే కాక బిడ్డ ఫోనులోనూ ఉండాలి.

పద్దెనిమిదవ పుట్టినరోజు

ఇంతవరకు గడియ మన చేతిలో ఉన్నదన్నాము. పద్దెనిమిదేళ్ళు నిండిన ఉదయం అది బిడ్డ చేతికి మారుతుంది. టెంపీలోనో టూసాన్‌లోనో విశ్వవిద్యాలయంలో చేరిన కొడుకు జబ్బుపడి ఆసుపత్రిలో ఉంటే, ఫీజు కడుతున్న తండ్రి ఫోను చేసినా నర్సు వివరాలు చెప్పనవసరం లేదు. 2010 నాటి ఆరోగ్యబీమా చట్టం ప్రకారం 26 ఏళ్ళ వరకు బిడ్డ మన బీమాలోనే ఉండవచ్చు. అయినా బీమా మనది కావడంవల్ల రికార్డు మనది కాదు.

దీనికి పరిష్కారం తేలిక. కాలేజీకి వెళ్ళేముందు బిడ్డ ఇష్టపడి రెండు కాగితాలమీద సంతకం చేయవచ్చు. ఒకటి, వైద్యవివరాలు తల్లిదండ్రులకు తెలియజేయవచ్చునన్న అనుమతి. రెండవది, తాను మాట్లాడలేని స్థితిలో ఉంటే తన తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారపత్రం. అరిజోనాలో ఆ అధికారపత్రానికి ఒక సాక్షి గాని, నోటరీ గాని ఉంటే చాలు. కాని ఆ సంతకం చేయమని మనం శాసించలేము, అడగగలము. అడిగినప్పుడు బిడ్డ సంతోషంగా చేస్తుందా, ముఖం తిప్పుకుంటుందా అన్నది, అంతకుముందు ఆరేళ్ళు మనం డాక్టరు గది బయట ఎలా కూర్చున్నామన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

పదమూడేళ్ళప్పుడు మనం ఇచ్చిన గోప్యత ఇంటికి నష్టం తెచ్చేది కాదు. పద్దెనిమిదేళ్ళప్పుడు అది నమ్మకమై తిరిగివస్తుంది. ఈ సంవత్సరం మీ ఇంట్లో ఏ బిడ్డకైనా ఆరోగ్యపరీక్ష ఉంటే, ఆ రోజుకు ముందుగా ఒక సాయంత్రం కూర్చుని, లోపల నీవు ఒక్కదానివే మాట్లాడవచ్చునని, మేము బయటనే ఉంటామని చెప్పండి. బయటనే ఉంటామన్న రెండవ మాట మొదటి మాటంత ముఖ్యమైనది.